నలభై బీడీల అబద్ధం

"అన్‌ఫిట్" అనే మాట మా ఇళ్లలో ఎంత తియ్యగా ఉంటుందో బయటివాళ్లకు చెబితే నమ్మరు. బొగ్గుబాయిలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని డాక్టర్లు పరీక్షించి, ఇక ఇతను బాయి దిగలేడు అని రాసిస్తే, ఆ ఉద్యోగం అతని పిల్లల్లో ఒకరికి వచ్చే వీలుంటుంది. అందుకే మా బజారులో ఎవరికైనా మోకాళ్లు పట్టేసినా, చూపు మందగించినా పలకరించడానికి వెళ్లినవాళ్లు ముందు అయ్యో అంటారు, టీ తాగాక మెల్లగా "అన్‌ఫిట్ అయితదా?" అని అడుగుతారు. నేనూ అలా అడిగినవాణ్నే.

నా పేరు ప్రకాశం. మాది జూలూరుపాడు. యాభై ఏడేళ్లు. ముప్ఫై రెండేళ్లు బాయిలో బొగ్గు నింపాను. ఇప్పుడు నా కుడి ఊపిరితిత్తిలో పై భాగం లేదు. అయినా ఇది రాస్తున్న ఈ ఉదయం నాకు ఎగిరి గంతేయాలని ఉంది. గంతేస్తే ఆయాసం వస్తుంది కాబట్టి కుర్చీలో కూర్చొని రాస్తున్నాను. నాలాంటివాళ్లు చదివి కొంచెం భయపడాలని, ఎక్కువ ధైర్యం తెచ్చుకోవాలని నా ఆశ.

ఆగస్టు

ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక కళావతి సిస్టర్ వచ్చి నిలబడింది. సిస్టర్ అంటే నర్సమ్మ. చేతిలో ట్యాబ్ పట్టుకొని, ఖమ్మంలో కొందరు డాక్టర్లు కలిసి ఒక పని మొదలుపెట్టారని చెప్పింది. బాగా పొగతాగే అలవాటున్న, యాభై దాటిన మనుషులకు ఏ జబ్బూ కనిపించకముందే ఊపిరితిత్తులు స్కాన్ తీసి చూస్తారట. క్యాన్సర్ ఉంటే చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుందట. అయితే మన అడవి పక్క ఊళ్లలో ఇలాంటి పరీక్ష అసలు నడుస్తుందా, జనం వస్తారా, అడిగినదానికి సరిగ్గా చెబుతారా, మళ్లీ పిలిస్తే మళ్లీ వస్తారా అన్నది తేల్చుకోవడానికే ముందుగా కొద్దిమందితో చేసి చూస్తున్నామంది. దీనికీ బాయి మెడికల్‌కూ ఏ సంబంధమూ లేదని రెండుసార్లు చెప్పింది.

ఆ చివరి మాట తప్ప మిగతావన్నీ మేం విన్నాం. మధ్యాహ్నానికల్లా బజారంతా ఒకటే మాట. పెద్ద డాక్టర్ల సంతకంతో స్కాన్ కాగితం ఇస్తారట, దాన్ని మెడికల్ బోర్డు ముందు పెడితే అన్‌ఫిట్ ఎక్కడికీ పోదట. ఎవరు చెప్పారో తెలియదు కానీ, నేనే పదిమందికి చెప్పాను.

మా అమ్మాయి స్నేహ డిగ్రీ పూర్తిచేసి ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. ఆడపిల్లలకు కూడా బాయి పైన పనులు ఇస్తున్నారు కదా, నా ఉద్యోగం దానికి వస్తే నా జన్మకు ఇంకేం కావాలి అనుకునేవాణ్ని. దాన్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు వరండాలో పేర్లు రాసుకున్నారు. నాతోపాటు లచ్చు నాయక్ వచ్చాడు. లచ్చుది ఊరి పక్క తండా. బాయిలో బొగ్గు నింపేవాళ్లు ఇద్దరిద్దరుగా ఉంటారు, దాన్ని జోడీ అంటాం. ఇరవై ఆరేళ్లు లచ్చు, నేను ఒక జోడీ. రెండేళ్ల క్రితం అతను రిటైరయ్యాడు. కొడుకు లైన్‌మన్‌గా కుదురుకున్నాడు కాబట్టి లచ్చుకు అన్‌ఫిట్‌తో పనిలేదు. ఊరికే నాకు తోడుగా వచ్చాడు.

సిస్టర్ ముందు లచ్చునే అడిగింది, రోజుకు ఎన్ని బీడీలని. "ఆరు. పెండ్లిళ్లు గిట్ల ఉంటే ఎనిమిది" అన్నాడు. ఆమె ట్యాబ్‌లో నొక్కి, మీరు ఈ లెక్కలోకి రారన్నా, మానేయండి చాలు అని పంపేసింది. ఆ క్షణంలో నాకు పరీక్ష పేపరు ముందే దొరికినంత సంబరమైంది. నా వంతు రాగానే "నలభై" అన్నాను.

నిజం చెప్పాలంటే పది. బాయి దిగేముందు జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టె తీసేసుకుంటారు. లోపల గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ కనబడకూడదు. ఎనిమిది గంటలు నోట్లో బీడీ లేని మనిషి నలభై ఎలా తాగుతాడు? సిస్టర్‌కు ఆ సంగతి తెలియదు. లచ్చుకు తెలుసు. బయటికొచ్చాక భుజం మీద చెయ్యేసి, "నలభై తాగెటోనికి బాయి దిగే టైం ఏడుందిరా భాయ్" అని నవ్వాడు. నేనూ పడీ పడీ నవ్వాను.

సెప్టెంబరు

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. స్కాన్‌కు ముందు నాలుగు రోజులు నేను నిజంగానే నలభై తాగాను. ఊపిరితిత్తులు నల్లగా పడాలి కదా. నా భార్య మరియమ్మ చూసి చూసి ఒక కట్ట నీళ్ల బకెట్లో ముంచేసింది. నేను ఇంకో కట్ట కొన్నాను.

వ్యాన్‌లో ఎనిమిది మందిమి ఖమ్మం బయల్దేరాం. తల్లాడ దాటేదాకా కబుర్లు, వైరా దాటాక దగ్గులు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నాక చూడాలి మా దగ్గుల పోటీ. చండ్రుగొండ నుంచి వచ్చిన ఒకాయన అందరికంటే బాగా దగ్గాడు, నాకు కడుపు మండిపోయింది. తీరా లోపలికి వెళితే నన్నెవరూ దగ్గమనలేదు. బల్లమీద పడుకోబెట్టారు, ఊపిరి పీల్చి ఆపమన్నారు, వదలమన్నారు. అయిపోయిందన్నారు. ఇంత తతంగానికి ఇంతేనా అని దిగులుపడ్డాను.

వారం తర్వాత ఫోన్ వచ్చింది. ఇంట్లోవాళ్లను తీసుకొని ఒకసారి రమ్మన్నారు. నా ఆనందం ఏం చెప్పను! ఫోన్ పెట్టీపెట్టకముందే వెళ్లి జిలేబి తెచ్చాను. మరియమ్మ ఏమిటని అడిగితే పని అయిపోయినట్టే అన్నాను. స్నేహకు మాత్రం ఏదో మామూలు పరీక్ష అని చెప్పి వెంట తీసుకుపోయాను. జిలేబి పొట్లం కూడా సంచిలో పెట్టుకున్నాను, ఆ మాట వినగానే అక్కడే పంచుదామని.

డాక్టర్ నీరజ చిన్న వయసు మనిషి. కంప్యూటర్ మా వైపు తిప్పి తెల్లటి చుక్క ఒకటి చూపించింది. బఠాణీ గింజంత ఉంది. అది క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, సూది పెట్టి చూడాలి అంది. నేను వెంటనే, "అయితే కాగితం ఇస్తరా మేడం?" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. స్నేహకు అర్థమైంది. నా మొహంలోకి చూసి, లేచి, బయటికి వెళ్లిపోయింది. అప్పుడు పట్టుకుంది నాకు భయం. జిలేబి పొట్లం వ్యాన్‌లోనే మరిచిపోయి వచ్చాం.

అక్టోబరు

సూది పరీక్షలో క్యాన్సరే అని తేలింది. ఇంకా చిన్నది, ఎక్కడికీ పాకలేదు, కోసి తీసేయవచ్చు అన్నారు. నాకు మాత్రం ఆ మొదటి మాట తప్ప ఏదీ చెవిన పడలేదు.

హైదరాబాద్ దవాఖానాలో ఎదురుచూడటమే ఒక ఉద్యోగం. ఉదయం చీటీ, మధ్యాహ్నం రక్తం, సాయంత్రం మళ్లీ రేపు రమ్మనడం. ఇనుప కుర్చీల వరుసలో మా పక్కన వేంసూరు నుంచి వచ్చిన ఆవిడ కూర్చునేది. ఆమె భర్తకు గొంతులో జబ్బు. మనిషి ఎవరో తెలియకపోయినా రోజూ మాకు కుర్చీలు ఆపి ఉంచేది. భర్త కండువా పరిచి పెట్టేది. ఆ కండువా కనబడితే నాకు ప్రాణం లేచివచ్చేది.

స్నేహ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మందులు ఇచ్చేది, చీటీలు పట్టుకొని పరుగెత్తేది, మాట మాత్రం లేదు. నాలుగో రోజు ఆ కుర్చీల్లోనే అడిగేసింది.

"నేను అడిగిన్నా డాడీ నీ కొలువు?"

నేను తల దించుకున్నాను.

"నువ్వు సస్తవేమోనని భయపడుకుంట నేను డ్యూటీకి పోవాల్నా? నాకు గట్లాంటి కొలువు వద్దు. నువ్వు గావాలె."

అంత మంది ముందు ఏడ్చాను. వేంసూరు ఆవిడ మొహం అటు తిప్పుకొని, నీళ్ల సీసా ఇటు జరిపింది.

నవంబరు

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. ఎవరో అంకెలు లెక్కపెట్టమన్నారు, నాలుగు దాకా గుర్తుంది. మెలకువ వచ్చాక పక్కటెముకల మధ్య నొప్పి, పక్కలోంచి ఒక గొట్టం, గట్టిగా ఊపిరి పీలుద్దామంటే సగంలోనే ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోవడం. ఆ మొదటి రెండు రోజులు నేను ఇక బతకననే అనుకున్నాను. మరియమ్మ జపమాల పట్టుకొని నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమె పెదవులు కదలడం ఆగితే నాకు గుండె ఆగినట్టుండేది.

మూడో రోజు ఒక ప్లాస్టిక్ ఆటవస్తువు ఇచ్చారు. మూడు గదులు, మూడు బంతులు. గొట్టం నోట్లో పెట్టుకొని పీలిస్తే బంతులు లేవాలి. మొదటి బంతి కూడా కదల్లేదు. ముప్ఫై రెండేళ్లు టన్నులకొద్దీ బొగ్గు ఎత్తినవాణ్ని, ఉసిరికాయంత బంతి ఎత్తలేకపోయాను.

ఆ సాయంత్రమే లచ్చు దిగాడు. తండా నుంచి రెండు బస్సులు మారి, ఉడకబెట్టిన పల్లీలు మూట కట్టుకొని. బంతులు చూసి, "ఏందిరా గిది, అంగన్‌వాడీల జేరినవా?" అన్నాడు. తర్వాత స్టూలు లాక్కొని కూర్చున్నాడు. బాయిలో బొగ్గు నిండిన టబ్బును పట్టాల మీద నెట్టేటప్పుడు జోడీగాళ్లం ఒక కేక వేసుకునేవాళ్లం, ఇద్దరి ఊపు ఒకటి కావడానికి. లచ్చు ఆ కేకే వేశాడు, కొంచెం చిన్న గొంతుతో. నా ఒళ్లు ఆ కేకను గుర్తుపట్టింది. మొదటి బంతి లేచింది! వార్డులో పక్క మంచాలవాళ్లు కూడా తలలెత్తి చూశారు. ఐదు రోజుల్లో రెండో బంతి, ఇంటికి వెళ్లే రోజుకు మూడోది. నా పెళ్లినాడు కూడా నేనంత పొంగిపోలేదు.

జనవరి

బీడీ వాసన వస్తే ఇప్పుడు నేనే లేచి వెళ్లిపోతున్నాను. కల్లాల్లో మిరప ఆరబెట్టే రోజులు, ఆ ఘాటుకు దగ్గొస్తుందని ముక్కుకు గుడ్డ కట్టుకొని తిరిగాను. మరియమ్మ పొద్దున చర్చి దాకా నడిపించేది, తర్వాత బస్టాండు దాకా, తర్వాత పెట్రోలు బంకు దాకా.

కళావతి సిస్టర్ ఫోన్ చేసింది. ఖమ్మంలో ఆ స్కాన్‌కు వచ్చినవాళ్లందరినీ కలిపి మీటింగు పెడుతున్నారట. మా వైపు జబ్బు ముందే దొరికి బయటపడ్డ మొదటి మనిషిని నేనేనట. నాలుగు మాటలు మాట్లాడాలట. నాకు రెక్కలొచ్చాయి. చొక్కా ఇస్త్రీ చేయించాను. అద్దం ముందు నిలబడి "సభకు నమస్కారం" అని రెండు రోజులు సాధన చేశాను.

లచ్చు వచ్చి గడపలో కూర్చొని అదంతా చూశాడు. వాడి మొహంలో ఈర్ష్య లేదు, కోపం లేదు. ఊరికే అడిగాడు.

"ప్రకాశం, బొగ్గు పొడి నువ్వు మింగినంత నేనూ మింగిన గద. నాకెందుకు తియ్యలే ఫొటో?"

ఇరవై ఆరేళ్లు ఒకే బొగ్గు గోడ ముందు నిలబడ్డాం. వాడు నిజం చెప్పి ఇంటికి పోయాడు, నేను అబద్ధం చెప్పి బతికాను. నా దగ్గర దొరికింది వాడి రొమ్ములోనూ ఉందేమో ఎవరు చూశారు? రెండు రోజులు అన్నం సహించలేదు.

నిజం చెప్పేయాలని మనసులో పడింది, దాని వెనకే భయం. బాయిలో దొంగ సర్టిఫికెట్ పెట్టినవాడు దొరికితే ఉద్యోగం ఊడుతుంది. అలాగే వీళ్లూ నన్ను పేర్లలోంచి కొట్టేస్తే? ఆరు నెలలకోసారి చూస్తామన్న స్కాన్‌లు ఆపేస్తే? మరియమ్మ వద్దే వద్దంది. "మల్ల వస్తే ఎవలు జూస్తరయ్యా నిన్ను?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెది తప్పని నేననను. స్నేహ మాత్రం, "లచ్చు మామ ఊపిరి కూడా ఊపిరే గద డాడీ" అంది.

ఫిబ్రవరి

మీటింగులో నన్ను పిలిచారు. సభకు నమస్కారం అన్నాను. ఆ తర్వాత సాధన చేసిందంతా మరిచిపోయి, "నేను నలభై తాగలేదు. పదే. బాయిల బీడీ తాగనియ్యరు" అన్నాను. ఎందుకలా చెప్పానో, అన్‌ఫిట్ కోసం మేమెలా దగ్గామో అన్నీ చెప్పాను. ముందు వరుసలో చండ్రుగొండ ఆయన తల గోక్కున్నాడు.

డాక్టర్ నీరజ మొహం ఎర్రబడింది. తప్పు జవాబుల మీద ఇంత పని కట్టుకుంటూ పోతే అంతా కూలిపోతుంది ప్రకాశం గారూ అని గట్టిగానే అంది. మాట పడ్డాను. పడాల్సిందే. తర్వాత ఆమె కాగితాలు తిరగేసింది. ఏదో లెక్క చూసుకొని, మెల్లగా అంది.

"పది అని చెప్పి ఉంటే ఆ రోజు మిమ్మల్ని ఇంటికి పంపేసేవాళ్లం."

నా స్కాన్‌లు ఆపేస్తారా అని అడిగాను. మీ వైద్యానికీ దీనికీ ముడిపెట్టం, కాగితంలో తప్పు మాత్రం దిద్దుతాం అంది. నాకు ఊపిరి తిరిగింది. అప్పుడు లచ్చు సంగతి చెప్పాను. ఆరు బీడీలు, ఇరవై ఆరేళ్ల బొగ్గు పొడి. ఆమె మాట ఇవ్వలేదు. ఒక్కరి కోసం నేను నియమం మార్చలేను, కానీ పొగ ఒక్కటే అడిగి దుమ్ము అడగకపోవడం గురించి పైవాళ్లకు రాస్తాను అంది. నన్ను కూర్చోమనలేదు. బాయిలో దుమ్ము ఎక్కడెక్కడ ఎక్కువ, ఎన్ని గంటలు, ఏ పనిలో అని అరగంట అడిగి రాసుకుంది. నా జీవితంలో ఒక డాక్టరు నన్ను అడిగి నేర్చుకోవడం అదే మొదటిసారి.

మార్చి

సెలవు అయిపోయి బాయి డాక్టర్ల ముందుకు వెళ్లాను. ఇంత కోత పడ్డాక కావాలంటే అన్‌ఫిట్‌కు పెట్టుకోవచ్చన్నారు. బయట స్నేహ నిలబడి ఉంది. నేను రొమ్ము విరుచుకొని, పైన ఏదైనా పని ఇవ్వండి సార్ అన్నాను. ఇప్పుడు ల్యాంపు రూములో బాయి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందిస్తున్నాను. ఇస్తూ ఇస్తూ ప్రతివాణ్నీ బీడీల గురించి సతాయిస్తున్నాను. నన్ను చూస్తే తప్పించుకు తిరుగుతున్నారు.

మే

బీడీలు చుట్టే తునికాకు కోతకు తండా అంతా అడవిలోకి వెళ్లిన రోజుల్లో కళావతి సిస్టర్ మళ్లీ వచ్చింది. ట్యాబ్ అదే, ప్రశ్నలు రెండు పెరిగాయి. బాయిలో ఎన్నేళ్లు? లోపల ఏ పని? లచ్చును అడవిలోంచి నేనే పిలుచుకొచ్చాను, తలమీద ఆకు మూటతోనే. ఈసారి సిస్టర్ నొక్కగానే అతని పేరు లెక్కలోకి వచ్చింది. నేను చప్పట్లు కొట్టేశాను. లచ్చు మాత్రం కొట్టలేదు. అంతవరకూ నన్ను ఆటపట్టించిన మనిషి మొహం పాలిపోయింది.

ఖమ్మం వరండాలో ఈసారి ఎవరూ దగ్గలేదు. లచ్చును లోపలికి తీసుకెళ్లారు. తలుపు అవతల ఊపిరి పీల్చండి, ఆపండి అనడం వినిపించింది. ఇవతల నేనూ పీల్చి ఆపాను. నాకున్నది తక్కువ కాబట్టి వాడికంటే ముందే వదిలేశాను.

ఫలితానికి ఆరు రోజులు. ఈ మధ్యలో నేను తెలుసుకున్నది ఒక్కటే, పక్కవాడి కోసం భయపడటం మన కోసం భయపడటం కన్నా కష్టం. చదివేవాళ్లకు నేను చెప్పేది కూడా పెద్దదేం కాదు. డాక్టరు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉన్నది చెప్పినందుకు ఇంటికి పంపిస్తే మాత్రం ఊరుకోకండి, నేను మింగిన దుమ్ము సంగతేందని అక్కడే నిలబడి అడగండి. నాలాగా అబద్ధం చెప్పి బతికిపోయే అదృష్టం అందరికీ ఉండదు.

ఏడో రోజు పొద్దున మరియమ్మ చాయ్ పోస్తుండగా లచ్చు ఫోన్ చేశాడు. అవతల ముక్కు ఎగబీల్చుకోవడం వినబడింది.

"ఏందిరా, చెప్పు" అన్నాను.

"ఏం లేదంటరా. నేను ఫిట్టంట."

ఫిట్ అని రాస్తే పిల్లలకు కొలువు రాదని ముప్ఫై ఏళ్లు మా బజారంతా ఆ మాటకు భయపడ్డాం. ఇవాళ దాన్ని మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను, స్పీకర్ పెట్టి, ఇంట్లో అందరూ వినేలా. స్నేహ చెప్పులు వేసుకొని జిలేబి తేవడానికి పరుగెత్తింది.